ఎర్ర గీత కింద

ఆ వానాకాలం మొత్తంలో నేను ఒక్కసారి కూడా ఎర్ర గీత దాటలేదు. ఎవరడిగినా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను. కాగితాల సాక్ష్యం కూడా ఉంది. ఆ కాగితాలే నన్ను కాపాడాయి, వాటి మొహం మండ.

నాది గనిలో కేజ్ నడిపే పని. కేజ్ అంటే మనుషుల్ని బావిలోకి దించి మళ్ళీ పైకి తెచ్చే ఇనుప గది. బావి లోతు మూడు వందల మీటర్లు. నేను పైన ఇంజన్ గదిలో కుర్చీలో కూర్చుంటాను. నాకు కేజ్ కనపడదు, అందులో మనుషులు కనపడరు. ఒక చేతికి లీవరు, ఒక చేతికి బ్రేకు, ఎదురుగా గోడ గడియారాల్లాంటి రెండు మీటర్లు. ఒకటి కేజ్ ఎంత లోతులో ఉందో చెబుతుంది, రెండోది ఎంత వేగంతో పోతోందో చెబుతుంది. ఆ రెండోదాని మీదే ఎర్ర గీత. లోపల మనుషులున్నప్పుడు ముల్లు ఆ గీత దాటకూడదు. దాటిందో లేదో తెలియడానికి పక్కన ఒక పెన్ను, తిరిగే కాగితం మీద ముల్లు నడకంతా గీస్తూ ఉంటుంది. నా ఉద్యోగం ఆ కాగితం చేతిలో ఉంది.

పని నేర్పింది మా మామగారు. ముప్పై ఏళ్ళు అదే కుర్చీలో కూర్చుని రిటైరయ్యారు. లీవరు ముట్టుకోనిచ్చే ముందు నెల్లాళ్ళు నన్ను కేజ్‌లో నిలబెట్టి, పక్కన తనూ నిలబడి, పైకీ కిందికీ తిప్పించారు. కళ్ళు మూసుకోమనేవారు. "ఇప్పుడు పోతున్నామా, ఆగామా?" అని అడిగేవారు. కేజ్ నిలకడగా దిగుతున్నంతసేపూ చచ్చినా చెప్పలేకపోయేవాణ్ణి. ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టే ఉండేది. ఒకసారి "పైకి పోతున్నాం, కావాలంటే పందెం" అన్నాను. కళ్ళు తెరిస్తే ఇంకా కిందికే పోతున్నాం, కాకపోతే వేగం తగ్గుతోంది.

"చూశావా అల్లుడూ," అన్నారు నవ్వి, "ఎంత వేగంగా పోతున్నామో ఒంటికి తెలీదు. వేగం మారితేనే తెలుస్తుంది. రైల్లో టీ తాగేటప్పుడు చూడు, ఎంత జోరుగా పోతున్నా చుక్క ఒలకదు. కదిలేటప్పుడూ ఆగేటప్పుడే ఒళ్ళో పడుతుంది. నువ్వు నడపాల్సింది ఆ రెండు చోట్లే. మధ్యలో ఉన్నది గాడిదని కూర్చోబెట్టినా నడుపుతుంది."

పన్నెండేళ్ళు అలాగే నడిపాను.

మా ఇంట్లో నలుగురం. నేను, మా ఆవిడ, మామగారు, మా ఆవిడ తమ్ముడు. తమ్ముడంటే ఇరవై ఎనిమిదేళ్ళవాడు, గని అడుగున నీళ్ళు తోడే పంపు దగ్గర పని. అయినా ఇంట్లో అందరికీ వాడు చిన్నోడే. నోరు తెరిస్తే వేళాకోళం. నన్ను చూస్తే మరీను. మా ఆవిడ సంగతి చెప్పక్కర్లేదు, ఆమె నోటికి సెలవుండదు. ప్రేమ పుట్టినా తిట్టే, దిగులు పుట్టినా తిట్టే. ఆ తిట్లు వింటూ అన్నం తింటే అరిగినట్టుండేది మాకు.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. గనికి ఉన్న రెండో బావిలోకి నీళ్ళొచ్చి మూతపడింది. నాలుగు వందల యాభై మంది మా బావిలోంచే దిగాలి. ట్రిప్పుకి పదిహేను మంది, ముప్పై ట్రిప్పులు. షిఫ్టు దిగేసరికి గంటా ఐదు నిమిషాలు పట్టేది. మేనేజరు ఒకరోజు గొడుగుతో సహా ఇంజన్ గదిలోకొచ్చాడు.

"ఏంటయ్యా ఈ పెళ్ళినడక? గంట సేపు జనాన్ని దించుతూ కూర్చుంటే బొగ్గెప్పుడు తీస్తాం?"

"ముల్లు గీత దాటకూడదు కదా సార్."

"దాటమని నేనన్నానా? గీత దగ్గరికి తొందరగా పో. గీత దగ్గర్నుంచి ఆలస్యంగా దిగు. పామూ చావాలి, కర్రా విరగకూడదు."

చెప్పొద్దూ, నాకది తెలివైన మాటలాగే వినిపించింది. మామగారు నేర్పిన పద్ధతిలో ముల్లు గీత దగ్గరికి చేరడానికి పద్దెనిమిది లెక్కపెట్టాలి. కింద ఆగేముందు అంతకు రెట్టింపు. ఆ ఆఖరి పది మీటర్లయితే నిద్రపోయే పిల్లని పక్క మీద పెట్టినంత మెల్లగా దించేవాళ్ళం. మధ్యలో వేగం పెంచడానికి లేదు, కానీ ఈ చివర్లు రెండూ కోసేస్తే ట్రిప్పుకి అర నిమిషం మిగులుతుంది. కోసేశాను. పద్దెనిమిది పదయింది, పది ఏడయింది.

మేనేజరు ఇంజన్ గది బయట నల్లబోర్డు వేలాడదీశాడు. మూడు షిఫ్టుల డ్రైవర్లం ముగ్గురం. ఎవరి షిఫ్టు ఎన్ని నిమిషాల్లో దిగిందో రోజూ సుద్దముక్కతో రాసేవారు. వారంలో నాది యాభై ఐదుకొచ్చింది. మేనేజరు అందరి ముందూ భుజం తట్టి, నీలాంటి చెయ్యి ఈ గనిలో లేదన్నాడు. నన్ను మునగచెట్టు ఎక్కిస్తున్నాడని తెలుసు. తెలిసే ఎక్కాను.

కేజ్ దిగినవాళ్ళు పొట్ట పట్టుకుని దిగుతున్నారని వినేవాణ్ణి. ఒక ముసలి కార్మికుడు ఎదురుపడి, "నీ కేజ్ ఎక్కితే ఒళ్ళు ముందు దిగుతోంది, ప్రాణం తర్వాతి ట్రిప్పులో వస్తోందయ్యా" అన్నాడు. నవ్వేశాను. మా చిన్నోడు ఇంటికొచ్చి, "బావా, ఇవాళ నా పేగులు పైనే ఉండిపోయాయి, రేపు వచ్చేటప్పుడు తీసుకురా" అనేవాడు. మా ఆవిడ వాడి నెత్తిన మొట్టికాయ వేసి, "వెధవ మాటలూ నువ్వూ, కేజ్‌లో కడ్డీ గట్టిగా పట్టుకుని చావు" అనేది.

మా క్వార్టరుకి ఇంజన్ మోత వినిపిస్తుంది. మామగారు పొద్దున్నే వసారాలో కుర్చీ వేసుకుని అది వింటూ కూర్చుంటారు. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చాను. ఆయన చెప్పులు విప్పుకోనివ్వలేదు.

"నీ ఇంజన్ గొంతు మారింది అల్లుడూ."

"వాన కదా మామయ్యా, అలా వినిపిస్తుంది."

"వానకి చెవుడు రాలేదు నాకు. మోత నిలకడ పడ్డానికి నేను పద్దెనిమిది లెక్కపెట్టేవాణ్ణి. నీది ఏడుకే పడుతోంది."

"ముల్లు గీత దాటలేదు. కావాలంటే కాగితం తెచ్చి చూపిస్తాను."

"ముల్లు ఎంత ఎక్కిందో చూస్తున్నావు. ఎంతసేపట్లో ఎక్కిందో చూడ్డం లేదు," అన్నారు. "నీకు మళ్ళీ చెప్పాలా ఇది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. రిటైరైన మనిషికి ఊసుపోక పేచీలు అనుకున్నాను. ఆయనతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఆ రోజు పొద్దున ఇరవై తొమ్మిది ట్రిప్పులయ్యాక గడియారం చూశాను. ముందు రోజు బోర్డు మీద నాది యాభై ఒకటి. రెండో షిఫ్టు వాడు యాభై కొట్టాడు. ఇంకొక్క ట్రిప్పు గట్టిగా లాగితే నాది నలభై తొమ్మిదిలో అయిపోతుంది. లోపల మనుషులున్నారని గంట మూడుసార్లు మోగింది. ఆ పదిహేను మందిలో మా చిన్నోడున్నాడని నాకు తెలీదు. పంపుకి వాషర్లు తీసుకోవాలని స్టోర్సులో ఆగి, ఆఖరి ట్రిప్పు ఎక్కాడట. తెలిస్తే మాత్రం ఏం లాభం? రోజూ ఎక్కే నాలుగు వందల యాభై మందీ ఎవరో ఒకరి చిన్నోళ్ళే.

లీవరు తోశాను. ముల్లు లేచి గీతకి వెంట్రుకవాసి కింద నిలబడింది. లోతు చూపించే మీటరు మీద రోజూ బ్రేకు పట్టే చోటొచ్చింది. దాటనిచ్చాను. మరో రెండు క్షణాలు. అప్పుడు లాగాను. చెమ్మకి బ్రేకు కాస్త జారి, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టింది. కుర్చీ కింద నేల అదిరింది. ముల్లు రాయిలా పడిపోయింది. కేజ్ మాత్రం సరిగ్గా ఆగాల్సిన చోటే ఆగింది. గడియారం చూశాను, నలభై తొమ్మిది. నవ్వుకున్నాను కూడా. అది దాచను.

దిగామని కింద నుంచి గంట రావాలి. రాలేదు. తర్వాత మోగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు.

కేజ్ ఆగినప్పుడు లోపలున్న ప్రతి మనిషీ ఒక్క క్షణం రెండింతల బరువయ్యాడు. మోకాళ్ళు నిలవలేదు. పొడుగాటి తాడు సాగి, కేజ్ ఇంకా కిందికి కుంగి, మళ్ళీ పైకి ఎగిరింది. అందరూ గేటు వైపు కుప్పగా పడ్డారు. గేటు కింద జానెడు సందు. అందరికంటే చివర ఎక్కినవాడు గేటు పక్కనే కదా నిలబడేది. చిన్నోడి కుడికాలు ఆ సందులోంచి బయటికి జారింది, కేజ్ ఎగిరి పడ్డప్పుడు కింద దిగే గట్టు అంచుకీ గేటుకీ మధ్య నలిగింది. మిగతావాళ్ళకి దెబ్బలు, ఇద్దరికి చేతులు విరిగాయి. వాడి కాలు మోకాలి పైకి తీసేశారు.

మూడో రోజు తనిఖీ అధికారి వచ్చాడు. మంచి మనిషే, ఓపిగ్గా మాట్లాడాడు. ఆ రోజు కాగితం బల్ల మీద పరిచి, ఎర్ర గీత మీద స్కేలు పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి జరిపాడు. ముప్పై ట్రిప్పులు, ముప్పై గుట్టలు, ఒక్కటి కూడా స్కేలు దాటలేదు. "శుభ్రంగా ఉంది," అన్నాడు. మేనేజరు గట్టిగా ఊపిరి వదిలాడు. నేనేమైనా చెప్పాలనుకుంటున్నానా అని అడిగాడు అధికారి. ఆ గుట్టల పక్కలు ఎంత నిటారుగా ఉన్నాయో నాకు కనిపిస్తూనే ఉంది. చదవనేర్చినవాడికి అందులో అంతా ఉంది.

"ఏం లేదు సార్," అన్నాను.

తర్వాత ఆసుపత్రికి వెళ్ళి చిన్నోడి వాంగ్మూలం తీసుకున్నారు. కడ్డీ పట్టుకోలేదని, వాషర్లు లెక్కపెట్టుకుంటూ పరధ్యానంగా ఉన్నానని, తప్పు తనదేనని వాడు రాయించి సంతకం పెట్టాడు. ఆ సంగతి విన్నప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఊరట. హమ్మయ్య అనుకున్నాను. ఒక్క పూట. ఆ తర్వాత ఆ ఊరటే గొంతులో ముల్లయి కూర్చుంది.

వాణ్ణి ఇంటికి తెచ్చాక ముందుగదిలో మంచం వేశాం. మా ఆవిడ వాడికి కట్టు మార్చేది, ఒళ్ళు తుడిచేది, అన్నం కలిపి పెట్టేది, పెడుతూ తిట్టేది.

"కడ్డీ పట్టుకుంటే నీ చేతులేమన్నా అరిగిపోతాయా రా? లక్షసార్లు చెప్పానా లేదా? నా మాటంటే లెక్కలేదు నీకు. మీ బావ నిన్ను దించుతుంటే, అంత జాగ్రత్త మనిషి చేతిలో ఉండి కూడా కాలు పోగొట్టుకొచ్చావే! ఆయన మొహం ఎలా చూస్తావు రా?"

"తప్పయిపోయిందే అక్కా," అనేవాడు వాడు. "ఇంకో కాలుందిగా, ఈసారి పట్టుకుంటాలే."

"నోర్ముయ్!" అని ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయేది.

నేను ఆ మంచం పక్కనే పీట మీద కూర్చుని తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని నా కంచం ఖాళీ చేసేవాణ్ణి. మామగారు వసారాలోంచి లోపలికి వచ్చి తినడం మానేశారు. ఒక్కసారి మాత్రం, నేను చెయ్యి కడుక్కుంటుంటే వెనక నిలబడి, "ఆ రోజు మోత నేనూ విన్నాను," అన్నారు. వసారాలోకి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

ఇలా ఆరు వారాలు. వానలు వెనకబడుతున్నాయి. ఒకరోజు డ్యూటీకి వెళ్ళేసరికి కేజ్ దగ్గర కొత్త బోర్డు కట్టారు. రంగుల్లో బొమ్మ. చంకలో కర్ర పెట్టుకుని ఒంటికాలి మనిషి. కింద పెద్ద అక్షరాలు: "కడ్డీ పట్టుకోనివాడి గతి ఇదే." షిఫ్టు దిగేవాళ్ళు దాన్ని చూసి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటున్నారు. "మన పంపోడే రా, ముక్కు కూడా అచ్చం దించాడు" అన్నాడొకడు. నన్ను చూసి నాలిక్కరుచుకున్నాడు.

ఆ రోజు షిఫ్టు గంటా ఏడు నిమిషాల్లో దించాను. మేనేజరు పిలిచాడు, నేను వెళ్ళలేదు. రికార్డుల గదిలోంచి రెండు కాగితాలు తీసుకున్నాను. ఒకటి వానలకు ముందుది, ఒకటి ఆ రోజుది. తనిఖీ అధికారి చివరి నివేదిక మీద సంతకం చెయ్యడానికి వచ్చి గెస్టు గదిలో ఉన్నాడు. వెళ్ళి రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాను.

"చూడండి సార్. రెండూ ఒకే ఎత్తు ఎక్కాయి. ఇది కొండ ఎక్కినట్టుంది. ఇది గోడ ఎక్కినట్టుంది. దిగేటప్పుడు చూడండి, ఆ రోజుది గోడ మీంచి దూకినట్టే ఉంది. మనుషుల్ని పడేసింది వేగం కాదు సార్. దాన్ని నేను ఆపిన పద్ధతి. తప్పు నాది."

ఆయన చాలాసేపు చూశాడు. అర్థం కాకపోవడం కాదు, అర్థమైంది. కాగితాలు మడిచి నా చేతికిచ్చాడు.

"ముల్లు గీత దాటిందా?"

"లేదు సార్."

"రూల్లో ఎంత వేగం అనే ఉందయ్యా. ఎంతసేపట్లో అని లేదు. లేని రూలు తప్పావని నేనెక్కడ రాయను? పైగా పట్టుకోలేదని అతనే సంతకం పెట్టాడు. దాన్నేం చెయ్యమంటావు?" గొంతు తగ్గించాడు. "నీ బాధ అర్థమవుతోంది. ఇంటికి పో. రేపు డ్యూటీ చేసుకో."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకులు మాత్రం ఏం చేస్తాయి? బయటికొచ్చి వానలో నిలబడ్డాను. చెప్పుకుందామంటే వినేవాడు లేడు. అప్పుడు తోచింది, వినాల్సినవాడు ఇంట్లో ఉన్నాడని. వాడు తనే కారణమనుకుంటూ ఆ మంచం మీద కుమిలిపోతున్నాడు. కనీసం ఆ బరువైనా దించుదామనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, కాస్త ధైర్యం కూడా వచ్చింది.

ఇంకా చీకటి పడలేదు. మామగారు వసారాలో ఉన్నారు. మా ఆవిడ పెరట్లో బట్టలు తీస్తోంది. చిన్నోడి మంచం అంచున కూర్చున్నాను.

"ఒరేయ్, నువ్వు కడ్డీ పట్టుకున్నా పడేవాడివే. తప్పు నీది కాదు. నేను బ్రేకు ఆలస్యంగా పట్టాను. కావాలనే. నలభై తొమ్మిది కోసం."

వాడు గుమ్మం వైపు చూశాడు. "మెల్లగా బావా," అన్నాడు.

"ఎవరు విన్నా సరే. నువ్వు పరధ్యానంగా..."

"నేను పట్టుకునే ఉన్నాను."

వాడు రెండు చేతులూ దుప్పటి మీద వెల్లకిలా పెట్టాడు. వేళ్ళ మొదళ్ళ దగ్గర తోలు లేచిపోయి, కొత్త తోలు పట్టి, గులాబీ రంగులో అడ్డంగా నిగనిగలాడుతోంది. ఆరు వారాలు వాడి కాలి వంకే చూశాం. చేతులవి పడ్డప్పటి దెబ్బలే అనుకున్నాం, వాటి వంక ఎవరు చూశారు?

"రెండు చేతులతో పట్టుకున్నా. అయినా లాగేసింది. పదేళ్ళ నుంచి ఎక్కుతున్నా బావా, నీ చెయ్యి నాకు తెలీదా? నీకు ముల్లు కనపడుతుంది, నాకు నా కడుపుంది. ఆ రోజు ఆపింది నువ్వు ఆపినట్టు లేదు. పడుతూ పడుతూనే అనుకున్నా, బావ పని అయిపోయిందని."

"మరి అలా ఎందుకు రాయించావు రా?"

"నా కాలు ఎలాగూ పోయింది. నీ కుర్చీ కూడా పోతే నలుగురం ఏం తింటాం? నాన్న ఆసుపత్రిలోనే అడిగారు. నిజం చెప్పి, ఎవరికీ చెప్పనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నా." అంతవరకూ వాడికి కోపమొస్తుందని నాకు తెలీదు. "ఇప్పుడు వచ్చి చెబుతావా? నాకు చెబితే నీకు తేలికవుతుంది, నాకేమవుతుంది? అక్కకి తెలీకూడదనే కదా బావా ఇన్నాళ్ళూ ఆ తిట్లన్నీ తిన్నది!"

వాడి కళ్ళు నన్ను దాటి వెనక్కి పోయాయి. నేను తల తిప్పలేదు. తిప్పక్కర్లేదు. పెరటి గుమ్మం దగ్గర తడి బట్టల వాసన.

మా ఆవిడ బట్టలు కుర్చీ మీద పెట్టింది. వచ్చి వాడి తల దగ్గర కూర్చుంది. వాడి అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ గులాబీ గీత మీద ఈ చివర్నుంచి ఆ చివరికి రాసింది. వాడు ఏదో వేళాకోళం ఆడబోయాడు. ఆమె వేలి వంక చూసి ఆగిపోయాడు.

"మీకెప్పట్నుంచి తెలుసు?" అంది. నన్నే.

"మొదటి రోజు నుంచీ."

ఆమె తల ఊపింది. కోపం లేదు ఆ మొహంలో. ఏదో ఒకటి తిడుతుందని, తిడితే బాగుండునని చూస్తూ కూర్చున్నాను.

"నేను వీణ్ణి అన్నేసి మాటలు అంటున్నప్పుడు," అంది, "మీరు పక్కనే కూర్చుని అన్నం తిన్నారు కదా?"

"తిన్నాను," అన్నాను.